విల్లు, నారి, బాణం: ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్న వృత్తాల వైశాల్యం

రెండు వృత్తాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతే మధ్యలో బాదంపప్పు లాంటి ఆకారం ఏర్పడుతుంది. దాని వైశాల్యం ఎంత అనగానే చాలామంది సూత్రం కోసం వెతుకుతారు. గైడ్లలో బొమ్మకొక సూత్రం ఉంటుంది: చతురస్రంలోని నాలుగు రేకులకు ఒకటి, తాకుతున్న మూడు వృత్తాల నడుమ ఖాళీకి ఒకటి, ఒకదాని కేంద్రం గుండా ఇంకొకటి వెళ్లే వృత్తాలకు మరొకటి. ఇవన్నీ బట్టీ పట్టినా, పరీక్షలో బొమ్మ కొంచెం మారితే చెయ్యి ఆగిపోతుంది. ఎన్ని వృత్తాలు ఎలా కలుసుకున్నా ఆ ప్రాంతంలో ఉండేవి రెండే రకాల ముక్కలు: తిన్నని భుజాలున్న బహుభుజి, దాని భుజాలకు అతుక్కున్న వృత్తఖండాలు. చాపం బయటికి ఉబ్బితే ఖండాన్ని కలపాలి, లోపలికి వంగితే తీసేయాలి. ఖండాలు ఎన్ని, ఒక్కోదాని కోణం ఎంత అన్నది తేల్చుకోవడమే అసలు పని.

మనకు దీనికి మంచి మాటలున్నాయి. చాపం అంటే విల్లు. జ్యా అంటే వింటినారి. నారి మధ్య నుంచి విల్లు మధ్య వరకు ఉండే గీత శరం, అంటే బాణం. విల్లుకూ నారికీ మధ్య ఉన్న చోటే వృత్తఖండం. ఈ మూడు పేర్లూ గుర్తుంటే బొమ్మలో ఎక్కడ గీత గీయాలో అవే చెబుతాయి: చాపాలు కలుసుకునే బిందువుల మధ్య నారి బిగించాలి.

ఖండం వైశాల్యానికి ఒకే సూత్రం. వ్యాసార్థం వర్గంలో సగాన్ని (కోణం − ఆ కోణపు సైన్)తో గుణించాలి. కోణం అంటే చాపం కేంద్రం దగ్గర చేసే కోణం, అదీ రేడియన్లలో (180 డిగ్రీలు అంటే ‘పై’ రేడియన్లు). ఇది సెక్టారులోంచి (చాపం, రెండు వ్యాసార్థాల మధ్య ముక్క) ఆ వ్యాసార్థాలూ జ్యా చేసే త్రిభుజాన్ని తీసేయడమే. కోణం 180 డిగ్రీలు దాటితే సైన్ ఋణాత్మకం అవుతుంది కాబట్టి త్రిభుజం దానంతటదే కలుస్తుంది, వేరే సూత్రం అక్కర్లేదు. బడి లెక్కల్లో పదేపదే వచ్చే కోణాలకు ఖండం విలువలు ఇవి, ఒక్కోదాన్నీ వ్యాసార్థం వర్గంతో గుణించుకోవాలి:

30 డిగ్రీలకు 0.0118
60 డిగ్రీలకు 0.0906
90 డిగ్రీలకు 0.2854
120 డిగ్రీలకు 0.6142

60 నుంచి 120కి కోణం రెట్టింపే అయింది కానీ ఖండం దాదాపు ఏడింతలైంది. కోణం సగం చేసి వైశాల్యం కూడా సగం చేసేవాళ్లు ఈ వరుసను ఒకసారి చూస్తే చాలు. ఈ వ్యాసంలో ‘పై’ అని రాసిన చోటల్లా 3.14159 అని చదువుకోండి. 22/7 సంగతి తర్వాత వస్తుంది.

ముందు తేలికైన బొమ్మలు. 7 సెం.మీ. వ్యాసార్థమున్న రెండు వృత్తాలు, ఒక్కోటీ రెండోదాని కేంద్రం గుండా వెళ్తోంది. కేంద్రాల మధ్య దూరం 7, కలుసుకునే బిందువు నుంచి రెండు కేంద్రాలకూ దూరం 7. అంటే ఉమ్మడి జ్యాకు అటొకటి ఇటొకటి రెండు సమబాహు త్రిభుజాలు. ఒక్కో కేంద్రం దగ్గర 60, 60 కలిసి 120 డిగ్రీలు. బాదంపప్పులో రెండు ఖండాలున్నాయి కాబట్టి 2 × 0.6142 × 49, సుమారు 60.19 చ.సెం.మీ. ఇక్కడ జరిగే తప్పు ఒకటే: సమబాహు త్రిభుజం కనబడగానే కోణం 60 అని వేసేయడం. అలా వేస్తే 8.88 వస్తుంది. రెండు కేంద్రాలను, రెండు ఖండన బిందువులను కలిపితే వచ్చే రాంబస్ వైశాల్యమే 42.4, అది బాదంపప్పు లోపలే ఉంది. లోపలి బొమ్మ కన్నా బయటి బొమ్మ చిన్నది కాలేదు కదా. ప్రతి లెక్కకూ ఇలాంటి ఒక లోపలి బొమ్మనో బయటి బొమ్మనో తోడు పెట్టుకుంటే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

14 సెం.మీ. చతురస్రం ప్రతి భుజం మీదా లోపలికి అర్ధవృత్తం గీస్తే నాలుగు రేకులు వస్తాయి. ఇక్కడ కోణాల జోలికే పోనక్కర్లేదు. నాలుగు అర్ధవృత్తాలూ కలిసి చతురస్రాన్ని ఖాళీ లేకుండా కప్పుతాయి, రేకులున్న చోట మాత్రం రెండు పొరలుంటాయి. 22/7తో ఒక్కో అర్ధవృత్తం 77 కాబట్టి నాలుగూ 308. చతురస్రం 196. ఎక్కువైన 112 రేకులదే. ఈ ‘రెండు పొరల’ పద్ధతి అందంగా ఉంటుంది కానీ, కప్పడం పూర్తిగా జరిగినప్పుడే పనిచేస్తుంది. ఒక మూల ఖాళీగా మిగిలినా తప్పే. అనుమానం ఉంటే ఖండాలతో సరిచూసుకోవచ్చు: ఒక్కో రేకులో 90 డిగ్రీల ఖండాలు రెండు, మొత్తం ఎనిమిది. 8 × 0.2854 × 49 అంటే 111.88. రెండు జవాబుల మధ్య ఆ కొంచెం తేడా 22/7 వల్ల వచ్చింది.

వృత్తలేఖినితో ప్రతి పిల్లా గీసే ఆరు రేకుల పువ్వు కూడా ఇదే కుటుంబం. ఒక్కో రేకులో 60 డిగ్రీల ఖండాలు రెండు, మొత్తం పన్నెండు. వ్యాసార్థం 6 సెం.మీ. అయితే 12 × 0.0906 × 36, సుమారు 39.1. మొత్తం వృత్తంలో ఇది 34.6 శాతం. కంటికి పువ్వు వృత్తంలో సగం నిండినట్టే కనిపిస్తుంది, అందుకే ఇక్కడ అంచనాను నమ్మకూడదు.

చతురస్రం నాలుగు మూలల నుంచీ, భుజమంత వ్యాసార్థంతో పావు వృత్తాలు గీసినప్పుడు నడిమధ్యలో వచ్చే వంపుల చతురస్రం కొంచెం కఠినం. సమాకలనం లేకుండా రాదని కొందరంటారు, వస్తుంది. పక్క పక్క మూలల చాపాలు కలిసే బిందువు, ఆ భుజంతో కలిసి సమబాహు త్రిభుజం చేస్తుంది. అందువల్ల ప్రతి పావు చాపాన్నీ మిగతా చాపాలు 30, 60 డిగ్రీల దగ్గర కోసి మూడు సమాన ముక్కలు చేస్తాయి. మధ్య ముక్కే మనకు కావలసిన అంచు, దాని కోణం 30. నాలుగు కొనలను తిన్నని గీతలతో కలిపితే చిన్న చతురస్రం. భుజం 10 సెం.మీ. అయితే దాని వైశాల్యం 100 × (2 − √3), అంటే 26.79. దానికి నాలుగు 30 డిగ్రీల ఖండాలు, 4.72, కలపాలి. మొత్తం 31.51.

నెలవంకలనూ వదలకూడదు. 6, 8, 10 భుజాల లంబకోణ త్రిభుజం తీసుకుని, 10 మీద త్రిభుజం ఉన్న వైపుకే అర్ధవృత్తం, 6 మీదా 8 మీదా బయటికి అర్ధవృత్తాలు గీయండి. పెద్ద అర్ధవృత్తం లంబకోణం ఉన్న శీర్షం గుండా వెళ్తుంది, చిన్నవాటిని కోసి రెండు నెలవంకలు మిగులుస్తుంది. చిన్న అర్ధవృత్తాలు 4.5 పై, 8 పై. త్రిభుజం 24. ఇవన్నీ కూడి పెద్దదాన్ని, 12.5 పై, తీసేస్తే నెలవంకలు మిగులుతాయి. ‘పై’ మొత్తం కొట్టుకుపోయి సరిగ్గా 24, అంటే త్రిభుజమంత. సమద్విబాహు లంబకోణ త్రిభుజానికి ఈ ఫలితాన్ని క్రీ.పూ. 5వ శతాబ్దపు కియోస్ ద్వీపవాసి హిప్పోక్రటీస్ చూపాడు; ఏ లంబకోణ త్రిభుజానికైనా వర్తించే ఈ రూపాన్ని అరబ్ గణితజ్ఞుడు ఇబ్న్ అల్-హైతమ్ పేరుతో పిలుస్తారు. వైద్యుడు హిప్పోక్రటీస్ వేరే. వంకర అంచులున్న బొమ్మకు ‘పై’ లేని జవాబు రావడం ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది.

ఇక అసలు విషయం, వేర్వేరు వ్యాసార్థాలున్న వృత్తాలు. 15, 13 వ్యాసార్థాలు, కేంద్రాల మధ్య 14 అనుకుందాం. ఉమ్మడి జ్యా ఎక్కడ పడుతుందో ముందు తేలాలి. ఇందుకు ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథం ఆర్యభటీయంలోని గణితపాదం అనే అధ్యాయంలో చెప్పిన దారి ఇప్పటికీ అన్నిటికన్నా శుభ్రంగా ఉంటుంది. గ్రహణంలో మింగుడుపడిన మందాన్ని ఆయన గ్రాసం అన్నాడు. మన పశుగ్రాసంలో ఉన్న మాటే. రెండు వ్యాసార్థాల మొత్తంలోంచి కేంద్రాల దూరం తీసేస్తే గ్రాసం వస్తుంది: 15 + 13 − 14 = 14. (ఈ ఉదాహరణలో కేంద్రాల దూరమూ గ్రాసమూ రెండూ 14 కావడం కాకతాళీయం.) ఇప్పుడు ఒక్కో వ్యాసంలోంచి గ్రాసాన్ని తీసేయండి: 30 − 14 = 16, 26 − 14 = 12. రెండూ కలిపితే 28. గ్రాసాన్ని ఈ నిష్పత్తిలో పంచాలి, కానీ తారుమారుగా. పెద్ద వృత్తపు శరం 14 × 12 ÷ 28 = 6. చిన్న వృత్తపు శరం 14 × 16 ÷ 28 = 8. రెండూ కలిస్తే మళ్లీ గ్రాసం రావాలి, వచ్చింది. ఈ తారుమారు మరిచిపోవడమే ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు. పెద్ద వృత్తం తక్కువ వంపుతో ఉంటుంది కాబట్టి దాని శరం చిన్నది, అని గుర్తుంచుకుంటే తప్పు జరగదు.

జ్యా పొడవుకు కూడా అక్కడే ఉన్న మరో సూత్రం చాలు: శరాన్ని, వ్యాసంలో మిగిలిన భాగాన్ని గుణిస్తే అర్ధజ్యా వర్గం. 6 × 24 = 144, అటు 8 × 18 = 144. అర్ధజ్యా 12. రెండు వైపుల నుంచీ ఒకే సంఖ్య రావడమే సరిచూసుకోవడం.

ఇక కోణాలు. పెద్ద కేంద్రం నుంచి జ్యాకు దూరం 15 − 6 = 9. కొసైన్ 9/15 కాబట్టి సగం కోణం 53.13 డిగ్రీలు, పూర్తి కోణం 1.85459 రేడియన్లు. చిన్న కేంద్రం నుంచి దూరం 13 − 8 = 5. కొసైన్ 5/13, సగం కోణం 67.38, పూర్తి కోణం 2.35201 రేడియన్లు. సెక్టార్లు 208.64, 198.74. త్రిభుజాలు 108, 60. ఖండాలు 100.64, 138.74. బాదంపప్పు వైశాల్యం 239.39 (దశాంశాలు ఆఖరున సవరిస్తే). దీన్నే ఒక్క ముక్కలో చెప్పాలంటే, రెండు సెక్టార్లు కూడి, కేంద్రాలూ ఖండన బిందువులూ కలిపితే వచ్చే గాలిపటాన్ని తీసేయాలి. గాలిపటం వైశాల్యం అర్ధజ్యా × కేంద్రాల దూరం, 12 × 14 = 168.

ఇప్పుడు 20, 13 వ్యాసార్థాలు, కేంద్రాల దూరం 11 తీసుకోండి. మనుషులూ ప్రోగ్రాములూ కూడా బోల్తా పడే చోటు ఇదే. గ్రాసం 22. 40 − 22 = 18, 26 − 22 = 4, మొత్తం 22. పెద్ద వృత్తపు శరం 4, చిన్న వృత్తపు శరం 18. చిన్న వృత్తపు శరం దాని వ్యాసార్థం 13 కన్నా పెద్దది. అంటే ఉమ్మడి జ్యా చిన్న కేంద్రాన్ని దాటి అవతల పడింది, రెండు కేంద్రాలూ జ్యాకు ఒకే పక్కన ఉన్నాయి. చిన్న వృత్తం నుంచి బాదంపప్పుకు వచ్చేది చిన్న ఖండం కాదు, పెద్ద ఖండం. అర్ధజ్యా ఇక్కడా 12 (4 × 36 = 144).

సైన్ విలోమంతో కోణం తీస్తే 12/13కు 67.38 వస్తుంది. అసలు సగం కోణం 112.62. సైన్‌కు ఈ రెండు కోణాలూ ఒకటే, కొసైన్‌కు కాదు. కేంద్రం నుంచి జ్యాకు దూరాన్ని 13 − 18 = −5 అని గుర్తుతో సహా తీసుకుని కొసైన్ విలోమం వేస్తే సరైన కోణమే వస్తుంది. చిన్న వృత్తపు ఖండం 392.18, పెద్ద వృత్తపు ఖండం 65.40, మొత్తం 457.58. సైన్ దారిలో వెళ్లినవాళ్లకు 204.14 వస్తుంది. అది అసాధ్యమని కాగితం మీదే చూపొచ్చు: చిన్న కేంద్రం పెద్ద వృత్తం అంచుకు 20 − 11 = 9 దూరంలో ఉంది, కాబట్టి 9 వ్యాసార్థమున్న వృత్తం మొత్తం ఉమ్మడి ప్రాంతంలో పడుతుంది. దాని వైశాల్యమే 254.47. ఇంకో మాట, ‘సెక్టార్లు − గాలిపటం’ సూత్రం ఇక్కడా చెక్కుచెదరదు. గాలిపటం లోపలికి నొక్కుకుపోయి బాణపుమొనలా అవుతుంది, వైశాల్యం మాత్రం 12 × 11 = 132 గానే ఉంటుంది. 332.18 + 257.40 − 132, మళ్లీ 457.58.

కంప్యూటర్లో రాసేవాళ్లు కోణం దగ్గరికి వెళ్లకముందే రెండు సందర్భాలు తేల్చేయాలి. కేంద్రాల దూరం వ్యాసార్థాల మొత్తానికి సమానమైనా, మించినా జవాబు సున్నా. వ్యాసార్థాల తేడాకు సమానమైనా, తక్కువైనా జవాబు చిన్న వృత్తం మొత్తం. వృత్తాలు అంచున తాకీ తాకనట్టున్నప్పుడు కొసైన్ విలువ 1.0000000002 లాంటిది వచ్చి లెక్క ఆగిపోతుంది, కాబట్టి దాన్ని −1, 1 మధ్యకు కుదించాలి. ఎక్సెల్ ఎప్పుడూ రేడియన్లలోనే లెక్కిస్తుంది. క్యాలిక్యులేటర్ ఏ పద్ధతిలో ఉందో తెలియకపోతే సైన్ 30 నొక్కండి. 0.5 వస్తే డిగ్రీలు, −0.988 వస్తే రేడియన్లు.

మూడు వృత్తాలకు వస్తే, మళ్లీ 7 సెం.మీ., ఒక్కోటీ మిగతా రెండిటి కేంద్రాల గుండా వెళ్తోంది. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఉబ్బిన త్రిభుజం: సమబాహు త్రిభుజం 21.22, మూడు 60 డిగ్రీల ఖండాలు 13.32, మొత్తం 34.53. మూడూ కలిసి కప్పే మొత్తం చోటు కావాలంటే, మూడు వృత్తాలు 461.81, జంటల బాదంపప్పులు మూడు 180.57 తీసేసి, 34.53 తిరిగి కలపాలి: 315.78. ఆఖరి కూడిక మరిచిపోయేవాళ్లు చాలామంది. ఉబ్బిన త్రిభుజాన్ని మూడుసార్లు కూడాం, మూడుసార్లు తీసేశాం, ఇంకా ఒక్కసారి కూడా లెక్కలోకి రాలేదు, అందుకే కలుపుతున్నాం.

వ్యాసార్థాలు వేరైతే ముందు బిందువులను ఏరాలి. ప్రతి జంటా రెండు బిందువుల్లో కలుస్తుంది. వాటిలో మూడో వృత్తం లోపల ఉన్నవే ఉమ్మడి ప్రాంతపు కొనలు. ప్రతి జంట నుంచీ ఒక్కొక్కటి దొరికితే త్రిభుజం, మూడు ఖండాలు. ఒకే జంట బిందువులు రెండూ దొరికి, మరేవీ దొరకకపోతే ఆ జంట బాదంపప్పే జవాబు. నాలుగు దొరికితే చతుర్భుజం, నాలుగు ఖండాలు. ఒక్కటీ దొరకకపోతే, ఒక వృత్తం పూర్తిగా మిగతావాటి లోపల ఉందో, అసలు ఉమ్మడి చోటే లేదో చూడాలి. త్రిభుజమైనప్పుడు ప్రతి భుజం దగ్గరా ఇంకో ప్రశ్న: ఆ చాపపు కేంద్రం, త్రిభుజపు మూడో శీర్షం భుజానికి ఒకే పక్కన ఉంటే చిన్న ఖండం, ఎదురెదురు పక్కలుంటే పెద్ద ఖండం.

22/7 గురించి. విడిగా చూస్తే దాని దోషం 0.04 శాతమే. కానీ ఈ లెక్కలన్నీ తీసివేతలు. రెండు దగ్గరి సంఖ్యలను తీసివేస్తే సంఖ్య చిన్నదవుతుంది, దోషం అలాగే ఉండిపోతుంది. 100 వ్యాసార్థం, 10 డిగ్రీల ఖండం అసలు విలువ 4.424. 22/7తో 4.775, ఏకంగా 8 శాతం తేడా. అలాంటి సన్నని ఖండాలకు సూత్రం వదిలేసి, జ్యా × శరంలో మూడింట రెండు వంతులు తీసుకోవడమే మేలు. జ్యా 17.431, శరం 0.3805, జవాబు 4.42. 7 సెం.మీ. వృత్తాలు మూడు తాకుతుంటే నడుమ ఖాళీ 7.90. 22/7, 1.732 వాడితే 7.87, √3ని 1.73గా కుదిస్తే 7.77. పరీక్షలో ఏ విలువలు వాడమంటే అవే వాడాలి, బయట పనికి మాత్రం కుదింపు చివరి మెట్టులోనే.

తిరగేసి అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. 10 మీటర్ల వ్యాసార్థమున్న గుండ్రని పచ్చిక అంచున గుంజ పాతి మేకను కట్టారు, సరిగ్గా సగం పచ్చిక మేయాలంటే తాడు ఎంతుండాలి? సగం అంటే 157.08 చ.మీ. తాడు 10 అయితే బాదంపప్పు 122.84, 12 అయితే 166.23. మధ్యలో నిష్పత్తి ప్రకారం చూస్తే 11.578. ఆ తాడుతో లెక్కేస్తే దాదాపు 0.2 తక్కువ వస్తుంది. తాడు కొంచెం పెంచితే కలిసే చోటు, చాపం పొడవు × పెంచిన పొడవు. చాపం 22.1 మీటర్లు, కాబట్టి 0.2 ÷ 22.1 = 0.009 మీటరు కలపాలి. 11.587. ఈ ప్రశ్నకు గురి తప్పని పూర్తి సూత్రాన్ని 2020లో గణితజ్ఞుడు ఇంగో ఉల్లిష్ ఇచ్చాడు, సంకీర్ణ సమాకలనాలతో. తాడు కోయడానికి ఈ రెండు మెట్లు చాలు, ముడులకు పోయే పొడవు విడిగా వదలాలి.